సొంత చేత్తో వేసిన వైరింగు, కొన్నవాళ్ల నెత్తిన

ప్రశ్న: ఈ మధ్యే ఒక పాత ఇల్లు కొన్నాం. అమ్మినాయన "ఈ ఇంట్లో కరెంటు పనంతా నా చేత్తో నేనే చేసుకున్నాను, ఒక్క మనిషిని పిలవలేదు" అని మురిసిపోతూ చెబితే మేమూ మెచ్చుకున్నాం. మొన్న వంటింట్లో దీపం మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పైకప్పు డబ్బా విప్పి, నిచ్చెన దిగి, అడగకుండానే మరికొన్ని బోర్డులు విప్పి చూశాడు. గీజరు దీపాల లైను మీదే నడుస్తోందట. ఎక్కడ చూసినా వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. పైకప్పు డబ్బాలోని జాయింటు నల్లగా మాడి ఉంది. సాకెట్లలో ఎర్తు పిన్నునూ న్యూట్రల్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేశారు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే రక్షణ స్విచ్) ఉంది, కానీ వైర్లు దాన్ని తప్పించి పక్కనుంచి పోయాయి. వెనక గదిలో స్విచ్ ఆపినా హోల్డర్‌లో టెస్టర్ వెలుగుతోంది. మావారు "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, ఇప్పుడు మాత్రం ఏమవుతుంది" అంటున్నారు. మా మరిదికి ఈ పనులు వచ్చు, సెలవుల్లో వచ్చి ఎర్తు రాడ్డు పాతి అన్నీ సరిచేస్తానంటున్నాడు. అప్పటిదాకా ఈ ఇంట్లో ఉండవచ్చా? వైరింగు మొత్తం మార్చాలా, చెడినవి బాగుచేస్తే చాలా? అమ్మినాయనను నిలదీసే హక్కు మాకు ఉందా?
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ఉండవచ్చు. అయితే ఇప్పుడు ఉన్నట్టుగా కాదు. మిగతాది తీరిగ్గా చదువుదురుగాని, ముందు మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి గీజరు ఉన్న లైను ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయి లైను తెంచే స్విచ్) దించండి. అది దీపాల లైను కూడా కాబట్టి కొన్ని గదులు చీకటవుతాయి. కానివ్వండి, ఛార్జింగ్ లైట్లతో కొన్నాళ్లు గడుస్తుంది. మాడిన జాయింటు వేరే లైనులో ఉంటే దాన్నీ, వెనక గది లైనునూ దించండి. దించిన వాటి మీద "ఎత్తవద్దు" అని కాగితం అంటించండి. లేకపోతే రాత్రిపూట ఇంట్లో ఎవరో ఒకరు నిద్రకళ్లతో వచ్చి ఎత్తేస్తారు. గోడ స్విచ్ ఆపితే సరిపోదా అనుకోకండి, మీ ఇంట్లో స్విచ్‌ను నమ్మడానికి లేదని వెనక గది ఇప్పటికే చెప్పింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో జాగ్రత్త: మెయిన్ దించినా దాని లైన్లలో కరెంటు ఉంటుంది. సొంత చేత్తో వైరింగు చేసినాయన ఇన్వర్టర్‌ను ఏ లైనుకు ఎలా కలిపాడో ఆయనకే తెలియాలి.

ఇక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చేయించాల్సిన మొదటి పని, తప్పించిన ఆర్‌సీసీబీని మళ్లీ దారిలోకి తేవడం. జాయింట్లూ గీజరూ దాని తర్వాతే. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించింది అదే. మాడిన జాయింటు చూడగానే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. బోర్డులో చక్కగా కూర్చుని ఏ పనీ చేయని ఆర్‌సీసీబీని చూసి మాత్రం ఇంట్లో రక్షణ ఉందని అందరూ నిశ్చింతగా ఉంటారు.

దాని పని చాలా సూటిగా ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. కొంత తగ్గిందంటే అది వేరే దారిన నేలకు పోతోందన్నమాట, ఆ దారి ఒక మనిషి శరీరం కావచ్చు. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల తేడా కనిపిస్తే 0.3 సెకన్లలోపు లైను తెంచేయాలి. 30 మిల్లీఆంపియర్లంటే 230 వోల్టుల మీద 7 వాట్ల చిన్న బల్బు తీసుకునేంత. సుమారు 10 మిల్లీఆంపియర్లకే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం, 30 దాటి కాసేపు సాగితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. మీ బోర్డులోని ఎంసీబీకి ఈ లెక్క పట్టదు. అది ఆంపియర్లలో చూస్తుంది, వైరును కాపాడుతుంది. పది ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో మనిషిని చంపే కరెంటు ఒక చిన్న దీపం వెలిగినట్టే.

మరి అంత అవసరమైనదాన్ని ఆయన ఎందుకు తప్పించాడు? నా అంచనా ఒకటే. అది మాటిమాటికీ పడిపోయి ఉంటుంది. ఎందుకు పడుతోందో వెతకడం కష్టం, పక్కనుంచి వైరు వేసుకోవడం తేలిక. కాబట్టి మీ ఎలక్ట్రీషియన్ దాన్ని తిరిగి కలిపిన రోజు అదీ పడిపోతే కంగారుపడకండి, "ఇది పాడైంది, తీసేద్దాం" అంటే ఒప్పుకోకండి. అది పడుతోందంటే లీకేజి ఎక్కడో ఉంది. ఎంసీబీలన్నీ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే ఏ లైనులో ఉందో చాలావరకు దొరుకుతుంది. అన్నీ దించినా పడుతూనే ఉంటే న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్తును తాకుతోందేమో అనుమానించాలి. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్‌ను ముట్టుకోదు. అప్పుడు బోర్డులో న్యూట్రల్ వైర్లను ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. ఓపిక కావాల్సిన పని, ఆ ఓపిక ఉన్న మనిషినే పిలవండి.

ఇప్పుడు మీవారి మాట. ఇన్నేళ్లూ ఏమీ కాలేదన్నది నిజమే కావచ్చు. కానీ ఆ ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఉన్నది మీరు కాదు. అమ్మినాయన ఇంట్లో ఎంతమంది ఉండేవారు, గీజరు ఎంతసేపు వేసేవారు, దాంతోపాటు ఇంకేమి నడిచేవి, ఇవేవీ మీకు తెలియవు. అదే వైరు మీద మీ ఇంటిల్లిపాది వాడకం పడింది. వైరు వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది. దీపాల లైనుకు సాధారణంగా వేసే 1 చదరపు మిల్లీమీటరు వైరు గోడలోని పైపులో పదీ పన్నెండు ఆంపియర్లకు మించి నిలకడగా మోయలేదు. మీ గీజరు అంతకన్నా చిన్నదైనా, దీపాలూ ఫ్యాన్లూ కలిశాక ఆ వైరు రోజూ తన హద్దు అంచునే నడుస్తోంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునేలా చేస్తారు. అది దాటిందంటే ఒక్కరోజులో కాలిపోదు. ఏళ్ల తరబడి గట్టిపడి, పెళుసుబారి, చివరికి ఎవరో డబ్బా విప్పి వైరు వంచినప్పుడు పొలుసులుగా రాలుతుంది.

ఆ లైను ఎంసీబీ మీద రాసి ఉన్న అంకె కూడా చూడండి. లోడు ఎక్కువై ఎంసీబీ పడుతుంటే, సొంత వైద్యం చేసుకునేవాళ్లు ఎంసీబీనే పెద్దది వేస్తారు. 32 ఆంపియర్లది కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఇళ్లలో వాడే ఎంసీబీల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రాసిన అంకెకు 1.45 రెట్ల కరెంటు పారుతున్నా అది గంటలోపు ఎప్పుడైనా పడవచ్చు, వెంటనే పడనక్కర్లేదు. అంటే 32 ఆంపియర్లది సుమారు 46 ఆంపియర్ల దగ్గర గంటసేపు నిలబడినా నిబంధన తప్పినట్టు కాదు. ఒక మిల్లీమీటరు వైరు ఆ గంటలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక ఆ నల్లబడ్డ జాయింటు. రెండు వైర్ల కొసలు చెక్కి, వేళ్లతో మెలిపెట్టి, టేపు చుట్టి ఉంటాడు. కొత్తలో అది బాగానే పనిచేస్తుంది, అదే దాంతో చిక్కు. లోడు పడ్డప్పుడు వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడు చల్లబడి ముడుచుకుంటుంది. ఇలా వేల సార్లు జరిగాక మెలిక వదులవుతుంది. వదులైన చోట రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది, నిరోధం పెరుగుతుంది, మరింత వేడి పుడుతుంది, ఆ వేడికి మెలిక ఇంకా వదులవుతుంది. టేపు జిగురు కరిగి కారుతుంది, తర్వాత మాడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. లీకేజి లేదు కాబట్టి ఆర్‌సీసీబీకీ తెలియదు. మనిషి ముక్కుకు మాత్రం ముందు తెలుస్తుంది. మాడుతున్న ప్లాస్టిక్కు కుళ్లిన చేపల్లాంటి వాసన వేస్తుంది, వాసన వస్తూ ఎక్కడినుంచో అంతుపట్టకపోతే మెయిన్ దించేయండి. స్విచ్ ప్లేటు వెచ్చగా తగలడం, బోర్డులో జిమ్మని శబ్దం, గీజరు వేయగానే దీపాలు కునుకు తీయడం కూడా ఆ కోవలోవే. మీవారిని ఒకసారి ఆ జాయింటు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. అది ఏళ్లుగా అవుతూనే ఉంది, డబ్బా మూత వెనక ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

సాకెట్లలోని వైరు ముక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చూడటానికి అన్నిటికన్నా అమాయకంగా ఉండేది అదే. అంగుళం పొడవు వైరు, రెండు స్క్రూల మధ్య. ఇంట్లో ఎర్తు వైరు లేదు, కొన్న వస్తువుకేమో మూడు పిన్నుల ప్లగ్గు ఉంది. న్యూట్రల్ ఎలాగూ ఎక్కడో ఎర్తుతో కలుస్తుంది కదా, ఇక్కడే కలిపేస్తే పోలా అనుకున్నాడు ఆయన. ఇప్పుడు ఆ సాకెట్‌కు వచ్చే న్యూట్రల్ వైరు ఎక్కడో ఒక చోట ఊడిందనుకోండి, ఆ మెలిక జాయింట్లు ఉన్న ఇంట్లో ఊడటానికి ఎంతసేపు? ఫేజు ఫ్రిజ్ మోటారులోంచి వచ్చి, న్యూట్రల్‌లో వెనక్కి వెళ్లే దారి లేక, ఆ అంగుళం వైరు గుండా ఎర్తు పిన్నుకు, అక్కడినుంచి ఫ్రిజ్ ఒంటికి చేరుతుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు, ఆగిపోయినట్టు కనిపిస్తుంది అంతే. ఎందుకాగిందో చూద్దామని చెప్పులు లేకుండా వెళ్లి తలుపు పట్టుకుంటారు. మామూలుగా ఎర్తు వైరు లేని ఫ్రిజ్ ఇంతకన్నా నయం, దానికి ఒంటి మీదికి కరెంటు రావాలంటే లోపల ఏదో చెడాలి.

ఇందులో ఇంకో మాయ ఉంది. సాకెట్‌లో గుచ్చితే మూడు చిన్న దీపాలతో తప్పొప్పులు చెప్పే పరికరం ఒకటి దొరుకుతుంది. ఇల్లు కొనేవాళ్లు అది కొనుక్కుని అన్ని సాకెట్లూ చూసుకుని సంతోషపడతారు. మీ ఇంట్లో అది "అంతా సరి" అనే చూపిస్తుంది. ఎర్తు పిన్ను దగ్గర న్యూట్రల్ దొరికితే చాలు, అది అసలు ఎర్తో దొంగ ఎర్తో దానికి తెలియదు. ఈ వైరు ముక్క ఆర్‌సీసీబీ కళ్లకు కూడా గంతలు కడుతుంది. వస్తువు లోపల ఫేజు ఒంటికి తగిలితే, ఆ కరెంటు ఎర్తుకు పోకుండా న్యూట్రల్‌లోకే తిరిగి వస్తుంది, లెక్క సరిపోతుంది, అది పడదు. అదే వస్తువు లోహపు పైపుల ద్వారానో తడి నేల ద్వారానో నిజమైన నేలకు కలిసి ఉంటే కొంత కరెంటు అటు పోయి, ఏ లోపం లేకపోయినా ఊరికే పడుతుంది. గీజరుతో ఆయనకు జరిగిందదేనని నాకు గట్టి అనుమానం. కాబట్టి ఆర్‌సీసీబీ కలిపిన రోజే ప్రతి సాకెట్ విప్పించి ఆ ముక్కలన్నీ తీయించండి. తీశాక ఎర్తు లేని సాకెట్లు మిగులుతాయి. వాటిలో లోహపు ఒళ్లున్న వస్తువులేవీ పెట్టకండి, కొత్త ఎర్తు వైరు లాగేదాకా.

వెనక గదిలో తప్పు చిన్నదే. స్విచ్‌ను ఫేజులో పెట్టాల్సింది న్యూట్రల్‌లో పెట్టాడు. స్విచ్ ఆపితే దీపం ఆరుతుంది గాని హోల్డర్ దాకా ఫేజు వచ్చి నిలబడి ఉంటుంది, బల్బు మార్చడానికి వేలు పెట్టినవాడికి తగులుతుంది. బోర్డులో వైర్లు మార్చితే సరిపోతుంది. రంగులను చూసి మాత్రం ఏ నిర్ణయమూ చేయవద్దు. కొన్ని దేశాల్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. కొన్నిచోట్ల గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. మరికొన్నిచోట్ల నలుపే ఫేజు. మీ ఇంట్లోనైతే ఆ రోజు ఆయన చేతికి ఏ చుట్ట దొరికితే అది. ఆకుపచ్చ వైరును ఫేజుగా వాడి ఉన్నా నేను నివ్వెరపోను.

మొత్తం మార్చాలా అన్న ప్రశ్నకు ఇంట్లో కూర్చుని వాదించుకుంటే తేలదు, కొలిస్తే తేలుతుంది. మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల డీసీ పెట్టి, ప్రతి లైనులో వైర్ల తొడుగు ఎంత గట్టిగా ఉందో చూస్తారు. కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌ల నిరోధం) రావాలి, ఆరోగ్యంగా ఉన్న లైను అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. పరీక్షకు ముందు ప్లగ్గులూ బల్బులూ అన్నీ తీసేయాలి, లేకపోతే అంకెలు తప్పొస్తాయి, వస్తువులూ పాడవుతాయి. దాంతోపాటు ప్రతి సాకెట్‌లో ఎర్తు వైరు తెగకుండా బోర్డు దాకా వస్తోందా, ఫేజూ న్యూట్రల్ తారుమారయ్యాయా, ఎర్తు లోపం వస్తే లైను తెగేంత కరెంటు పారుతుందా, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లలో పడుతోంది, ఇవన్నీ కొలిపించండి. దాని మీదున్న బొత్తం నొక్కితే పడిందంటే దాని యంత్రం కదులుతోందని మాత్రమే తెలుస్తుంది, మీ ఎర్తు గురించి అదేమీ చెప్పదు. ఈ పరీక్షలేవీ చేయకుండా "మొత్తం పీకేయాల్సిందే" అన్నవాడినీ, "టేపు మారిస్తే చాలు" అన్నవాడినీ ఒకే గుమ్మం నుంచి సాగనంపండి.

అయినా నన్ను అడిగారు కాబట్టి నా మొగ్గు చెబుతాను. గీజరుకు బోర్డు నుంచి నేరుగా కొత్త లైను కావాలి, అది పరీక్షలతో పనిలేని విషయం. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 4, దానికి తగ్గ ఎంసీబీ, ఎర్తు వైరు విడిగా. సాకెట్ల లైన్లలో పైపుల్లోనే ఎర్తు వైరు లేకపోతే వాటినీ కొత్తగా లాగించండి. దొంగ ఎర్తు పెట్టారంటే అసలుది లేదనే అర్థం. దీపాల లైన్లు మాత్రం మెగ్గర్ పరీక్షలో నెగ్గి, గోడల్లో పూడ్చిన జాయింట్లు లేవని తేలితే ఉంచుకోవచ్చు. గోడలో పూడ్చిన జాయింటు ఒక్కటి బయటపడినా ఆ లైను వదిలేయండి. ఒకటి పూడ్చిన చేయి అక్కడితో ఆగి ఉండదు. ఉంచుకునే జాయింట్లు ఏవైనా మూత తీసి చూడగలిగే డబ్బాలో, స్క్రూ కనెక్టర్లతో ఉండాలి. అల్యూమినియం వైరును రాగితో నేరుగా మెలిపెట్టిన చోటు కనిపిస్తే అది ముందు మార్చాలి, ఆ రెండు లోహాలూ కలిసిన చోట తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది.

అమ్మినాయన విషయంలో చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చాలాచోట్ల తేల్చేది, లోపం ఆయనకు తెలిసీ దాచాడా, లేక "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసుకుని కొన్నారా అన్న రెండు విషయాలే. మీ పక్షాన ఒక బలమైన సంగతి ఉంది. పనంతా తానే చేశానని ఆయనే చెప్పాడు, కాబట్టి ఆర్‌సీసీబీని తప్పించింది ఎవరో తెలియదనడానికి ఆయనకు వీలులేదు. ఆ మాట ఏ సందేశంలోనైనా రాసి ఉంటే చెరిపేయకండి. బాగుచేయించక ముందే ప్రతి బోర్డు, ప్రతి జాయింటు తేదీతో ఫొటో తీయించండి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత లోపాల నివేదిక రాయించండి. ప్రాణాపాయం తప్పించే మరమ్మతులు ఆపకుండా, మిగతావి మొదలుపెట్టే ముందు ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయండి, వచ్చి చూసుకోవడానికి గడువు ఇవ్వండి. తీసేసిన వైర్లూ మాడిన ముక్కా పారేయకుండా ఒక సంచిలో ఉంచండి. దావాకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి న్యాయవాదిని ఇప్పుడే కలవండి. ఇంటికి బీమా ఉంటే వాళ్లకూ చెప్పండి. లోపం తెలిసి కూడా చెప్పలేదన్న సాకు రేపు వాళ్ల చేతికి ఇవ్వవద్దు.

మీ మరిది గురించి. ఆయన ఎర్తు రాడ్డు పాతుతానన్నది మంచి ఉద్దేశమే గాని, అంతటితో సరిపోదు. రాడ్డుకూ నేలకూ మధ్య నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి, అది అరుదేమీ కాదు. 230 వోల్టుల ఫేజు పూర్తిగా ఎర్తుకు తగిలినా పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, వస్తువు ఒళ్లు కరెంటుతో అలాగే ఉంటుంది. అందుకే రాడ్డు మీదే ఆధారపడే ఇంట్లో ఆర్‌సీసీబీ లేకుండా కుదరదు. ఈ లెక్క ఆయనను అడిగి చూడండి. తడుముకోకుండా చెప్పి, మెగ్గర్ తన దగ్గర ఉందంటే నా అనుమానం వెనక్కి తీసుకుంటాను. చెప్పలేకపోయినా ఆయనకు పని లేకపోదు. గోడలు కోయడం, పైపులు దించడం, ఏ స్విచ్ ఏ లైనుదో పటం గీయడం, బోర్డులో పేర్లు రాయడం, ఇవన్నీ గంటలు తినే పనులు, ఖర్చూ తగ్గుతుంది. వైర్లు కలపడం, పరీక్షించడం మాత్రం లైసెన్సు ఉన్న మనిషికి వదలండి. చాలాచోట్ల చట్టం అడిగేదీ అదే. కొలతలు రాసిన కాగితం మీద ఆ మనిషి సంతకం పడేదాకా కోసిన గోడలు పూడ్చనివ్వకండి.